విదేశాలలో ఉన్నవారికి స్వదేశపు పోలీసు ధ్రువపత్రం

(ఫెడరేషన్ కార్యకర్తల శిక్షణా తరగతిలో రైల్వే మెయిల్ సర్వీసు విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులలో నాకు అప్పగించిన విషయం చూసి కొందరు మిత్రులు నవ్వినారు. కరువు భత్యం గురించి కాదు, పాత పింఛను గురించి కాదు, పోలీసువారి కాగితం గురించి ఉపన్యాసమేమిటని వారి ప్రశ్న. కొన్నేళ్ళ క్రితమైతే నేను కూడా నవ్వి ఉండేవాడిని. కాని మన యూనియన్ ఆఫీసు గడప తొక్కుతున్న వారిని ఒకసారి చూడండి. రిటైరైన గార్డు ఒకరు వస్తారు (2022 నుండి ట్రెయిన్ మేనేజర్ అనవలెనట, నా నాలుకకు ఇంకా అలవాటు కాలేదు). ఆయన కూతురు ఆస్ట్రేలియాలో స్థిరపడినది. తల్లిదండ్రులను తన దగ్గరే ఉంచుకొనవలెనని ఆమె కోరిక. గ్యాంగ్‌మన్ కుమారుడు కువైట్‌లో డ్రైవరు, కెనడా వెళ్ళుటకు ప్రయత్నిస్తున్నాడు. బ్రాంచి పోస్టుమాస్టరు కోడలు నర్సు. వీరందరూ అడిగేది ఒకే కాగితం: పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. దానినే పొట్టిగా పి.సి.సి. అంటున్నారు. స్వదేశంలో ఉన్నవాడు దానికోసం ఒక పూట కేంద్రానికి వెళ్ళి వస్తాడు. సముద్రాలకు ఆవల ఉన్నవాడికి మాత్రం నెలలు పట్టవచ్చును. నాకు అయిదు నెలలు పట్టినది. అందులో నాలుగు నెలలు నా తెలివితక్కువ వల్లనే పోయినవి. ఈనాటి ప్రసంగానికి నాకున్న అర్హత అదొక్కటే.

ముందుగా ఆ కాగితంలో ఏమున్నదో తెలుసుకుందాం. 'ఈయన ఉత్తముడు, సచ్ఛీలుడు' అని అందులో ఉంటుందని చాలామంది భావిస్తారు. అటువంటిదేమీ ఉండదు. ఫలానా నంబరు పాస్‌పోర్టు గల ఫలానా వ్యక్తికి ఫలానా దేశపు వీసా రాకుండా చేయగల ప్రతికూల సమాచారమేదీ రికార్డులలో లేదు అన్నదే దాని సారాంశం. దానిని ఇచ్చేది పోలీసులు కూడా కాదు. విదేశాంగ శాఖ కింద పనిచేసే పాస్‌పోర్టు అధికారులు ఇస్తారు. పోలీసులు ఇచ్చేది నివేదిక మాత్రమే. విదేశంలో ఉన్న భారతీయునికి అక్కడి మన రాయబార కార్యాలయం గాని కాన్సులేట్ గాని జారీ చేస్తుంది. ఉద్యోగం, నివాస హోదా, దీర్ఘకాలిక వీసా, వలస అనే అవసరాలకే ఇస్తారు. చుట్టపుచూపుగా టూరిస్టు వీసా మీద పోయేవారికి ఇవ్వరు, వారికి అవసరమూ లేదు.

'రికార్డులలో లేదు' అన్న మాట దగ్గర కొంచెం ఆగండి. ఎవరి రికార్డులలో? ఏ ఊరి రికార్డులలో? మన కథ అంతా ఇక్కడే ఉన్నది. దరఖాస్తు పరదేశంలో ఇచ్చినా విచారణ స్వదేశంలోనే జరుగుతుంది. దౌత్య కార్యాలయంవారు, పాస్‌పోర్టు జారీ చేసిన అధికారి వద్ద మన వివరాలు సరిచూస్తారు. అవసరమైనచోట ఆ విచారణ స్వదేశంలోని మన చిరునామాను అనుసరించి ఆ జిల్లా పోలీసులకు, అక్కడి స్పెషల్ బ్రాంచికి, చివరకు మన ఠాణాకు చేరుతుంది. ఒక కానిస్టేబుల్ ఆ చిరునామాకు వచ్చి తలుపు తట్టుతాడు. అంటే మనమెంత దూరం పోయినా మన యోగ్యత మనం వదలివచ్చిన గుమ్మం దగ్గర తేలవలసినదే.

వ్యాపారస్థునికి, రైతుకు ఇందులో ఇబ్బంది తక్కువ. వాడి గుమ్మం కదలదు. మన సంగతి వేరు. బదిలీ మన ఉద్యోగంలో పుట్టి పెరిగిన రోగం. పాతికేళ్ళలో ఆరు స్టేషన్లు, నాలుగు క్వార్టర్లు. పాస్‌పోర్టు తీసుకున్న రోజున ఏ క్వార్టరులో ఉన్నామో ఆ చిరునామాయే చివరి పుటలో అచ్చయి ఉంటుంది. ఉద్యోగ విరమణ చేసిన కొద్ది నెలలకే ఆ క్వార్టరు ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాము. పాస్‌పోర్టు మాత్రం పదేళ్ళు చెల్లుతుంది. పాస్‌పోర్టులో ఒక ఇల్లు, వాస్తవంలో ఇంకొక ఇల్లు.

నా విషయంలో జరిగినదిదే. 2015లో తపాలా ఉద్యోగుల క్వార్టర్సులో ఉండగా నేను, నా భార్య పాస్‌పోర్టులు తీసుకున్నాము. 2017లో రిటైరయి కృష్ణా జిల్లాలోని మా ఊరు చేరినాము. చిరునామా మార్చుకొనవలెనన్న ఆలోచనే రాలేదు. జీవితమంతా ఇతరుల చిరునామాలు చదివి ఉత్తరాలు గళ్ళలో వేసిన మనిషిని నేను. నా చిరునామా సంగతి నాకు పట్టలేదు! 2023లో ఆస్ట్రేలియాలో పెద్దమ్మాయి దగ్గర ఉండగా అక్కడి వలస శాఖవారు స్వదేశపు పోలీసు పత్రం దాఖలు చేయవలెనని ఉత్తరం వ్రాసినారు. గడువు 28 రోజులు. వెంటనే దరఖాస్తు చేసినాము. పాస్‌పోర్టు, దాని నకళ్ళు, అక్కడ చట్టబద్ధంగా ఉంటున్నట్లు వీసా కాగితం, ఫోటోలు, పత్రం అడుగుతూ వలస శాఖ వ్రాసిన ఉత్తరం, అన్నీ ఇచ్చినాము. రసీదు ఇచ్చినారు. ఇక మూడు వారాలలో వచ్చేస్తుందని అమ్మాయికి భరోసా ఇచ్చినాను.

స్వదేశంలో ఏమి జరిగినదో నాకు తరువాత తెలిసినది. కానిస్టేబుల్ క్వార్టర్సుకు వెళ్ళినాడు. ఆ క్వార్టరులో ఇప్పుడు యువ సార్టింగ్ అసిస్టెంటు ఒకరు భార్యాబిడ్డలతో ఉంటున్నారు. 'ఆయనెవరో మాకు తెలియదండీ, మేము 2019లో వచ్చినాము' అన్నారు. ఆ అబ్బాయి చెప్పినది నిజమే. కానిస్టేబుల్ 'సదరు చిరునామాలో నివసించుట లేదు' అని వ్రాసినాడు. అదీ నిజమే. ఎవరి తప్పూ లేకుండానే నా దరఖాస్తు కుంటుపడినది. నాకు కనిపించినది మాత్రం 'పరిశీలనలో ఉన్నది' అన్న ఒక్క వాక్యం. తొమ్మిది వారాలు ఉదయం లేవగానే ఆ వాక్యమే చదువుకున్నాను. నా భార్య మాత్రం, 'మీ మీద ఏదో కేసున్నది, నాకు చెప్పడం లేదు' అని ఒకనాడు అననే అన్నది. నలభై ఏళ్ళ కాపురం తరువాత!

గడువు సంగతి మా అమ్మాయి చూసుకున్నది. దరఖాస్తు చేసిన రసీదు జతపరచి, ఆలస్యం స్వదేశంలో జరుగుతున్నదని వ్రాసి గడువు పొడిగించమని కోరినది. వారు పొడిగించినారు. ఇది మీరు గుర్తుంచుకొనదగినది. రసీదు అన్నది చిన్న కాగితమే గాని పరాయి దేశపు అధికారి ముందు మన శ్రద్ధకు సాక్ష్యం అదే. గడువు దాటిన తరువాత వ్రాసే ఉత్తరానికి విలువ లేదు. గడువు లోపలే వ్రాయవలెను.

చివరకు మా పాత బ్రాంచి కార్యదర్శి ఠాణాకు వెళ్ళి విచారించి నాకు ఫోను చేసినాడు. అప్పుడు గాని నాకు అసలు విషయం బోధపడలేదు. చిరునామా మారితే పాస్‌పోర్టునే తిరిగి జారీ చేయించుకొనవలెను, పాతదానిమీద దిద్దుబాటు ఉండదు. అక్కడే, విదేశంలోనే, ఊరి చిరునామాతో కొత్త పాస్‌పోర్టులు తీసుకొని, వాటిమీద మళ్ళీ దరఖాస్తు చేసినాము. రెండుసార్లు రుసుము కట్టినాము. ఈసారి విచారణ మా ఊరి ఠాణాకు వచ్చినది. ఇల్లు తాళం వేసి ఉన్నది. కానిస్టేబుల్ అటూ ఇటూ చూసి ఎదురుగా ఉన్న సబ్ పోస్టాఫీసులోకి వెళ్ళినాడు. నా పింఛను అక్కడే. పోస్టుమాస్టరు గారు, 'ఆయన మా ఆర్.ఎం.ఎస్. మనిషే, కూతురు దగ్గరకు వెళ్ళినారు, ఇల్లు అదిగో' అని చెప్పి, ఇరుగుపొరుగు ఇద్దరిని పిలిచి సాక్ష్యం ఇప్పించినారు. పత్రం వచ్చినది. ఆ పోస్టుమాస్టరు గారిని నేను అంతకుముందు పింఛను వరుసలో నాలుగుసార్లు విసుక్కున్నాను. ఈ సభాముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

కాబట్టి, విమానం ఎక్కకముందే చేయవలసిన పని ఇది. పాస్‌పోర్టు చివరి పుట తీసి చూడండి. అక్కడ ఉన్న ఇంటికి రేపు ఒక మనిషి వెళితే మిమ్మల్ని ఎరిగినవారు ఎవరైనా ఉంటారా? ఉండరనుకుంటే ఇక్కడ ఉండగానే మార్పించుకోండి. ఇల్లు తాళం వేసి వెళ్ళేటట్లయితే ఇరుగుపొరుగుకు, ఊరి పోస్టుమాస్టరుకు ఒక మాట చెప్పి వెళ్ళండి. భార్యాభర్తల పాస్‌పోర్టులలో పేర్లు, ఇంటిపేర్లు, అక్షరాలు పొందికగా ఉన్నవో లేవో కూడా అప్పుడే చూసుకోండి. మన ఇంటిపేర్లను ఒక గుమాస్తా ఒకరకంగా, ఇంకొక గుమాస్తా ఇంకొకరకంగా ఇంగ్లీషులో వ్రాయడం మనకు తెలియనిదా?

ఇక మన సంఘానికి మరీ దగ్గరగా తగిలే విషయానికి వస్తాను. కేసులు. మనం సమ్మెలు చేసినవాళ్ళం, ధర్నాలు చేసినవాళ్ళం, పట్టాలమీద కూర్చున్నవాళ్ళం. 1974 మే 8 నుండి 27 వరకు సుమారు 17 లక్షలమంది రైల్వే కార్మికులు చేసిన సమ్మెలో వేలాదిమంది జైళ్ళు చూసినారు. ఆ తరంవారు ఇప్పుడు డెబ్భై దాటినవారు. వారి బిడ్డలు అమెరికాలో పౌరులై తల్లిదండ్రులకు వలస వీసాకు దరఖాస్తు చేస్తున్నారు. ఒక పెద్దాయన నన్ను చాటుకు పిలిచి, 'నేను డెబ్భైనాలుగులో లోపల ఉన్నాను, నాకు ఆ కాగితం ఇస్తారా' అని అడిగినారు. ఆ గొంతులో గర్వం, భయం రెండూ ఉన్నవి.

ఆయనకు చెప్పినదే మీకూ చెబుతున్నాను. పెండింగులో ఉన్న కేసు వేరు, ముగిసిన కేసు వేరు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ఆరవ సెక్షను ప్రకారం క్రిమినల్ కోర్టులో విచారణ సాగుతున్న కేసు పాస్‌పోర్టుకు అడ్డంకి. నైతిక పతనానికి సంబంధించిన నేరానికి గత అయిదేళ్ళలో రెండు సంవత్సరాలకు తక్కువ కాని జైలు శిక్ష పడినా అడ్డంకే. యాభై ఏళ్ళనాడు కొట్టివేసిన కేసు, ఎత్తివేసిన కేసు, తీర్పుకే రాని నిర్బంధం ఈ రెంటిలో దేని కిందకూ రావు. ఎఫ్.ఐ.ఆర్. నమోదు కావడం మాత్రమే కోర్టు విచారణ సాగుతున్నట్లు కాదనీ, కోర్టు కేసును విచారణకు స్వీకరించినప్పుడే అలా భావించవలెననీ 2019 అక్టోబరులో విదేశాంగ శాఖ ఒక ఉత్తర్వులో స్పష్టం చేసినది. అయితే ఆ ఉత్తర్వు పాస్‌పోర్టు జారీకి సంబంధించినది. దర్యాప్తు నడుస్తున్న కేసును పోలీసులు తమ నివేదికలో చూపితే ధ్రువపత్రం ఆగవచ్చును. కనుక ఎఫ్.ఐ.ఆర్. దశలో ఉన్నా తేలికగా తీసుకొనవద్దు.

ఒక ఉదాహరణ. మన గ్యాంగ్‌మన్ సోదరుడొకరి కుమారుడు 2011లో సకల జనుల సమ్మె రోజులలో విద్యార్థి. తోటివారితో కలిసి రైలు రోకోలో కూర్చున్నాడు. రైల్వే చట్టం 174వ సెక్షను కింద కేసు పెట్టినారు. దాని కింద రెండేళ్ళ వరకు జైలు గాని, 2,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. రెండేళ్ళ తరువాత రైల్వే కోర్టులో జరిమానా కట్టి బయటపడినాడు. ఇంటికి వచ్చి మరచిపోయినాడు. పన్నెండేళ్ళ తరువాత కెనడాలో ఉద్యోగం చేస్తూ శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ కేసు నిద్రలేచినది. పోలీసుల రికార్డులో కేసు పెట్టిన సంగతి ఉన్నది గాని ముగిసిన సంగతి లేదు. కేసు పెట్టేటప్పుడు వ్రాసిన చెయ్యి, కేసు ముగిసినప్పుడు వ్రాయలేదు. తండ్రి డ్యూటీకి సెలవు పెట్టి కోర్టు చుట్టూ తిరిగి తీర్పు సర్టిఫైడ్ నకలు తెచ్చినాడు. దానిని అర్జీతో సహా స్పెషల్ బ్రాంచిలో దాఖలు చేసి, ఒక ప్రతి కుమారునికి పంపినాడు. అతడు దానిని అక్కడి మన దౌత్య కార్యాలయానికి ఇచ్చినాడు. పత్రం వచ్చినది. రెండువేల లోపు జరిమానా ఏ విధంగానూ అనర్హత కాదు. అనర్హత అనిపించినది మూసివేయని రికార్డు.

ప్రతి బ్రాంచి కార్యదర్శికీ నా విన్నపం. ఆందోళనలలో కేసులు పడినప్పుడు జామీను ఇప్పించి, జరిమానా కట్టించి పని అయిపోయినదనుకొనవద్దు. తీర్పు నకలు తీసి కార్యకర్త చేతిలో ఒకటి, యూనియన్ ఫైలులో ఒకటి ఉంచండి. కేసు పెండింగులోనే ఉంటే మాత్రం దగ్గరదారి లేదు. వకీలును పెట్టి ఆ కోర్టులోనే తేల్చుకొనవలెను, లేదా ప్రయాణానికి ఆ కోర్టు అనుమతి కోరవలెను. దాచిపెట్టడం అన్నిటికన్న ప్రమాదం. తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినా, ముఖ్య విషయం దాచినా పన్నెండవ సెక్షను కింద అదే ఒక కొత్త నేరమవుతుంది.

ఇంకొక చిక్కు చాలామంది గమనించరు. మన ప్రభుత్వం ఇచ్చిన పత్రంలో 'ప్రతికూల సమాచారం లేదు' అని ఉన్నంతమాత్రాన, పరాయి దేశపు ఫారంలో 'మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేసినారా' అన్న ప్రశ్నకు 'లేదు' అని వ్రాయరాదు. ఆ రెండు ప్రశ్నలూ వేరు. అమెరికా వలస వీసా ఫారం అరెస్టుల గురించి విడిగా అడుగుతుంది. సమ్మెలో అరెస్టయితే అయినామని వ్రాసి, ఏ సమ్మె, ఏ సంవత్సరం, ఎలా ముగిసినదో నాలుగు వాక్యాలలో చెప్పి, ఉన్న కాగితం జతచేయండి. ఆ పెద్దాయన అలాగే వ్రాసినారు. 'ఇన్నాళ్ళకు నా సమ్మె అమెరికావాడి ఫైలుకెక్కినది' అని నవ్వినారు.

మోసాల గురించి కూడా చెప్పవలెను. పోలీసు క్లియరెన్స్ అనే పేరుతో రెండు రకాల కాగితాలు ఉన్నవి. స్థానిక ఉద్యోగాలకు, అద్దె ఇళ్ళకు పోలీసు కమిషనరేటు నుండి తెచ్చుకునేది ఒకటి. విదేశాల అవసరానికి పాస్‌పోర్టు అధికారి గాని దౌత్య కార్యాలయం గాని ఇచ్చేది రెండవది. మొదటిది తెచ్చి రెండవదని చెప్పి అమ్మే దళారులు ఉన్నారు. 'మీరు రానక్కరలేదు, పాస్‌పోర్టు ఫోటో పంపండి చాలు' అన్నవాడిని నమ్మవద్దు. స్వదేశంలో దీని ప్రభుత్వ రుసుము 500 రూపాయలు. విదేశంలో ఆ దేశపు నాణెంలో కొంత, దరఖాస్తులు స్వీకరించే ప్రైవేటు కేంద్రానికి సేవా రుసుము కొంత ఉంటుంది. దాని రసీదు ఇస్తారు. విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌కు ఇవ్వవలసిన రుసుమంటూ ఏదీ లేదు. మంచినీళ్ళు ఇవ్వండి, కావలసిన కాగితాలు చూపండి. 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పిన తరువాతనే ఆ సంవత్సరం పాస్‌పోర్టుల చట్టం వచ్చినది. అంతకుముందు అది సర్కారువారి దయగా నడిచినది. ఈనాడు మళ్ళీ దయగా మార్చుకొనవద్దు.

సమయం గురించి ఒక మాట. తొందరపడి చాలా ముందుగా తీసుకున్నా వ్యర్థమే. ఆస్ట్రేలియావారు జారీ అయిన నాటి నుండి పన్నెండు నెలల వరకే దానిని లెక్కలోకి తీసుకుంటారు. కెనడావారు, ఇప్పుడు నివసిస్తున్న దేశపు పత్రమైతే దరఖాస్తుకు ముందు ఆరు నెలల లోపుదై ఉండవలెనంటారు. పైగా గత పదేళ్ళలో వరుసగా ఆరు నెలలు నివసించిన ప్రతి దేశం నుండి పత్రం కోరతారు. కువైట్‌లో పనిచేసి కెనడా వెళ్ళదలచినవాడు మన దేశపు పత్రంతో సరిపెట్టుకొనలేడు, కువైట్ పత్రం కూడా కావలెను. అది కువైట్‌లో ఉండగానే తెచ్చుకోవడం తేలిక.

తపాలా సోదరులకు ప్రత్యేకంగా ఒక విషయం. 2017 జనవరిలో మైసూరు, దాహోద్‌లలో మొదలైన పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలలో మొదట ఈ పి.సి.సి. దరఖాస్తు సౌకర్యం లేదు. 2022లో సౌదీ అరేబియా భారతీయ కార్మికుల నుండి ఈ పత్రం కోరడంతో గిరాకీ ఒక్కసారి పెరిగినది. ఆ సంవత్సరం సెప్టెంబరు 28 నుండి ఆ సౌకర్యాన్ని పోస్టాఫీసు కేంద్రాలకూ విస్తరించినారు. నవంబరులో సౌదీవారు ఆ నిబంధన ఎత్తివేసినారు, కేంద్రాలలో సౌకర్యం మాత్రం నిలిచినది. జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమలనుండి గల్ఫ్‌కు పోయే కూలీ హైదరాబాదుకో విశాఖకో రైలెక్కి ఒక రోజు కూలి పోగొట్టుకోవలసిన అవస్థ కొంత తగ్గినది. ఆ కౌంటర్ల వద్ద కూర్చునేది మనవాళ్ళు. పని పెరిగినది, దానికి తగిన సిబ్బందిని కోరడం మన హక్కు, కోరుతున్నాము కూడా. అయితే ఆ కౌంటరు ముందుకు వచ్చినవాడు శాశ్వత చిరునామా వ్రాసే గడిలో ఖాళీ చేసిన ఇల్లు వ్రాస్తున్నాడేమో ఒక్క ప్రశ్న అడగండి. ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

మన బ్రాంచిలలో ఇందుకొక చిన్న రిజిస్టరు పెట్టమని కోరుతున్నాను. విదేశాలకు వెళ్ళిన విశ్రాంత సభ్యుల పేరు, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా, దాని పరిధిలోని ఠాణా, ఇక్కడ వారి తరపున తిరగగల ఒక మనిషి. ఇంతే. క్వార్టరులోకి కొత్తగా వచ్చిన యువ సోదరులకు కూడా చెప్పి ఉంచండి. ఎవరైనా వచ్చి పాత నివాసి గురించి అడిగితే 'తెలియదు' అని పంపివేయకుండా, 'యూనియన్ ఆఫీసులో అడగండి, వారికి తెలుస్తుంది' అని చెప్పమనండి. సర్టిఫైడ్ నకలుకు పెట్టే అర్జీ నమూనా, గడువు పొడిగింపు కోరుతూ మా అమ్మాయి వ్రాసిన ఉత్తరం ప్రతి నా సంచిలో ఉన్నవి. విరామ సమయంలో కావలసినవారు వచ్చి వ్రాసుకొనవచ్చును.